ప్యాచ్‌వర్క్ బొంతలకు గంజి: తరచుగా అడిగే ప్రశ్నలు

చీరలకి గంజి పెట్టడం మన ఇళ్ళల్లో ఒకరు నేర్పాల్సిన పని కాదు. గుడ్డ ముక్కలు కలిపి ప్యాచ్‌వర్క్ బొంతలు కుట్టేవాళ్ళకి అదే గంజి ఇంకో రకంగా అక్కరకొస్తుంది. చీరకి పెట్టే గంజి కట్టుకున్నంతసేపూ నిలవాలి. బొంత గుడ్డకి పెట్టే గంజి కత్తిరించి, కుట్టి, ముక్కలన్నీ కలిసేదాకా ఉంటే చాలు, ఆ తర్వాత పూర్తిగా పోవాలి. కాబట్టి ఏ గంజి, ఎంత చిక్కగా, ఎప్పుడు అన్న లెక్కలన్నీ మారతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి.

మా అమ్మమ్మ ఎన్ని బొంతలు కుట్టిందో. ఏనాడూ గంజి పెట్టలేదు. మనకెందుకు?

ఆవిడ కుట్టిన బొంతకి అవసరం లేదు. పాత నేత చీరలు రెండు మూడు మడతలు పరిచి, చుట్టూ టాకాలు వేసి, మధ్యలో వరసగా దారం పోసుకుంటూ వెళ్ళే బొంతలో గుడ్డ ఎంత మెత్తగా ఉంటే సూది అంత తేలిగ్గా దిగుతుంది. పైగా అందులో ముక్కకి ముక్క కొలతగా కలవాలన్న పట్టింపు లేదు.

చదరాలూ త్రిభుజాలూ కత్తిరించి బ్లాకులుగా కలిపే అమెరికా పద్ధతి వేరు. అక్కడ కుట్టు మార్జిన్, అంటే కుట్టుకీ గుడ్డ అంచుకీ మధ్య వదిలే గుడ్డ, పావు అంగుళమే. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో పదహారో వంతు తేడా వస్తే, పన్నెండు కుట్లు దాటేసరికి వరస ముప్పావు అంగుళం పొడుగో పొట్టో అయి కూర్చుంటుంది. ఆ తేడా రావడానికి సగం కారణం మన చెయ్యి కాదు, సాగే గుడ్డ. గంజి ఆ సాగుడుని ఆపుతుంది.

గుడ్డ సాగడం అంటే? నేత గుడ్డ సాగదు కదా?

పడుగు వైపు, అంటే నిలువు పోగుల వెంట లాగి చూడండి, దాదాపు కదలదు. పేక వైపు, అంటే అడ్డ పోగుల వెంట కొంచెం కదులుతుంది. ఇప్పుడు ఐమూలగా, అంటే మూల నుంచి మూలకి పట్టుకుని లాగండి. రబ్బరులా వస్తుంది. అక్కడ పోగులు సాగడం లేదు, ఒకదానికొకటి అడ్డంగా ఉన్న పడుగూ పేకా కత్తెర మూసుకున్నట్టు పక్కకి జరుగుతున్నాయి. త్రిభుజం ముక్కకి కనీసం ఒక అంచైనా ఐమూలగానే ఉంటుంది. మిషన్ ఫుట్ కింద ఆ అంచు వెళ్ళేటప్పుడు పైగుడ్డ కొంచెం, కిందగుడ్డ ఇంకొంచెం జరిగి, చివరికి అలలు తిరిగిన బ్లాకు చేతికొస్తుంది.

గంజిలోని పిండి ఆరాక పోగుకీ పోగుకీ మధ్య పల్చటి పొరగా గట్టిపడుతుంది. పోగులు జరగడానికి చోటుండదు. గుడ్డ కాసేపు కాగితం అవుతుంది.

అన్ని బ్లాకులకీ పెట్టాలా?

అక్కర్లేదు. పెద్ద పెద్ద చదరాలూ, నిలువు పట్టీలూ మాత్రమే ఉన్న డిజైన్ అయితే మంచి ఇస్త్రీ చాలు. త్రిభుజాలు, వజ్రం ఆకారాలు, నక్షత్రాలు, వంపు కుట్లు ఉంటే పెట్టండి. ఎనిమిది వజ్రాలు మధ్యలో ఒకే చుక్క దగ్గర కలిసే నక్షత్రం కుట్టేవాళ్ళయితే చిక్కటి గంజే పెట్టండి, ఆ నడిమి చుక్క దగ్గర పడే టెన్షన్ సగం తగ్గుతుంది.

కాగితం మీద గీసుకుని, ఆ కాగితం మీదే కుట్టే పద్ధతి వాడితే గంజితో పెద్దగా పని లేదు. గుడ్డని కాగితమే పట్టి ఉంచుతుంది.

కత్తిరించాక పెట్టాలా, ముందా?

ముందు. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

కత్తిరించిన త్రిభుజం మీద గంజి చల్లితే ఏమవుతుందో చూడండి. తడి తగలగానే నూలు పోగు ఉబ్బుతుంది, నేత వదులవుతుంది, ఐమూల అంచు ఇస్త్రీ పెట్టె ఎటు తోస్తే అటు వెళ్తుంది. ఆ వంకర ఆకారంలోనే ఆరి గట్టిపడుతుంది. అంటే వంకరని శాశ్వతం చేసినట్టే. అదే మొత్తం గుడ్డకి ముందే గంజి పెట్టి, పడుగూ పేకా నిలువుగా అడ్డంగా సరిగ్గా ఉండేలా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరిస్తే కొలత కొలతగానే నిలుస్తుంది. ముక్క అంచుల్లో పోగులు ఊడటం కూడా బాగా తగ్గుతుంది.

కుట్టిన బ్లాకుని ఇస్త్రీ చేసేటప్పుడు మళ్ళీ కొంచెం చల్లొచ్చా అంటే చల్లొచ్చు, కానీ అప్పటికి బయటి అంచులన్నీ నిలువు పోగు మీద ఉండాలి. పెట్టెని రుద్దకండి. ఎత్తి, పెట్టి, అదిమి, మళ్ళీ ఎత్తండి. చొక్కా మీద లాగినట్టు లాగితే గంజి ఉన్నా లాభం లేదు.

గంజికి ముందు గుడ్డ ఉతకాలా?

ఉతికితేనే మంచిది, రెండు కారణాలకి. మొదటిది, కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. గంజి నీళ్ళలో ముంచినప్పుడే అది ఎలాగూ కుంచించుకుంటుంది. ఒక గుడ్డ ముంచి, పక్క గుడ్డ ముంచకుండా కలిపి కుట్టారంటే, బొంత అయ్యాక మొదటి ఉతుకులో ఒకటి ముడుచుకుని ఇంకొకటి ఉబ్బుతుంది. రెండోది, షాపు నుంచి తెచ్చిన గుడ్డలో మిల్లు వాళ్ళు పెట్టిన బిరుసు ఉంటుంది. అది ఎంత ఉందో మనకి తెలియదు, దాని మీద మన గంజి సమంగా పట్టదు.

రంగు దిగుతుందో లేదో కూడా ఈ ఉతుకులోనే తేలిపోతుంది.

ముందే సమంగా కత్తిరించి కట్టగా అమ్మే ముక్కలున్నాయి, రెండున్నర అంగుళాల పట్టీలూ, అయిదంగుళాలూ పదంగుళాల చదరాలూ. వాటిని ఉతకకూడదు, ముంచకూడదు. అంచులు పీచు పీచవుతాయి, కొలత పోతుంది. మరీ అవసరమైతే మంచులా సన్నగా చల్లి, పెట్టెతో అదమండి, అంతే.

ఏ గంజి మంచిది? బియ్యం గంజా, సగ్గుబియ్యమా, షాపులో దొరికేదా?

అన్నం వార్చిన గంజి చీరకి అద్భుతంగా పనిచేస్తుంది. బియ్యం పిండి రేణువులు మిగతా పిండిల కన్నా చాలా సన్నవి, మైక్రాన్లలో ఒక అంకెకి మించవు. బంగాళదుంప పిండి రేణువు దానికి పదింతలకు పైగా ఉండొచ్చు. అంత సన్నగా ఉంటుంది కాబట్టే బియ్యం గంజి పోగుల్లోకి బాగా ఇంకి నున్నటి మెరుపునిస్తుంది. కానీ వార్చిన గంజి ఒకరోజు చిక్కగా, ఒకరోజు పల్చగా ఉంటుంది. ఉప్పు వేసి వండితే ఉప్పు ఉంటుంది, ఎలా వండినా అన్నం పలుకు ఒకటి రెండు ఉంటాయి, తెల్లారేసరికి పులుస్తుంది. ఒకే బొంతకి వేర్వేరు రోజుల్లో గుడ్డలు సిద్ధం చేసుకునేవాళ్ళకి ఇది కుదరదు. బియ్యప్పిండి కొలిచి కాచుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

సగ్గుబియ్యం గంజి నాకు అన్నిటికన్నా ఇష్టం. సగ్గుబియ్యం కర్రపెండలం పిండితో చేసింది. సామర్లకోట, పెద్దాపురం వైపు ఈ మిల్లులు ఉన్న సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. నానబెట్టి, గింజలు అద్దంలా అయ్యేదాకా ఉడికించి, పల్చని గుడ్డలో వడకడితే వచ్చే గంజి పారదర్శకంగా ఉంటుంది. ముదురు రంగు గుడ్డల మీద తెల్ల మరక పడే భయం తక్కువ.

కార్న్ ఫ్లోర్ గంజి తొందరగా అవుతుంది, కొలత కచ్చితంగా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టండి. తెల్లటి పిండి కావాలి, పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి కాదు. అమెరికాలో ఉన్నవాళ్ళు అక్కడి షాపులో కార్న్ స్టార్చ్ అని అడిగి కొనుక్కోవాలి.

మైదా గంజి వద్దు. గోడల మీద పోస్టర్లు అతికించే పని దానిది. అందులో ఉండే జిగురు ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది.

షాపుల్లో దొరికే రివైవ్ లాంటి గంజి పొడులు చల్లటి నీళ్ళలోనే కలిసిపోతాయి, కాచే పని ఉండదు. రోజూ కుట్టేవాళ్ళకి అవి హాయి. సీసాల్లో వచ్చే ద్రవాల్లో కొన్ని పిండితో చేసినవి కావు, ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌తో చేసినవి. చీరకి బాగానే ఉంటాయి గానీ, చివర్లో ఉతికి పోగొట్టాల్సిన బొంతకి నేను పిండి గంజినే ఎంచుకుంటాను.

కొలత చెప్పండి.

చల్లడానికి: అర లీటరు నీళ్ళకి ఒక టేబుల్ స్పూను కార్న్ ఫ్లోర్. ముంచడానికి: అర లీటరుకి రెండు టేబుల్ స్పూన్లు.

పిండిని ముందు పావు గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. మిగతా నీళ్ళు మరిగాక, సన్నటి మంట మీద, ఈ పిండి నీళ్ళని ధారగా పోస్తూ తిప్పండి. మొదట పాలలా తెల్లగా ఉంటుంది. 70 డిగ్రీలు దాటాక రేణువులు ఉబ్బి పగిలి, ద్రవం పాల రంగు వదిలి అద్దపు రంగుకి తిరుగుతుంది. అలా తిరిగాక ఇంకో నిమిషం ఉంచి దించేయండి. చల్లారాక వడకట్టండి, చల్లారాకే. వేడి మీద పల్చగా అనిపించి మోసం చేస్తుంది.

పచ్చి పిండిని చల్లటి నీళ్ళలో గిలక్కొట్టి చల్లేవాళ్ళున్నారు. పెట్టె వేడికి కొంత ఉడుకుతుంది నిజమే. కానీ ఉడకని రేణువులు గుడ్డ పైనే కూర్చుని పొడిపొడిగా రాలతాయి, సీసా మూతి పూడుకుపోతుంది. ఆ రెండు నిమిషాల కాచుడికి బద్ధకించొద్దు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో స్ప్రే సీసా కోసం ఫిల్టరు నీళ్ళు వాడండి.

చల్లడమా, ముంచడమా?

ఒకటి రెండు గజాలకి చల్లడం చాలు. గుడ్డ వెనక వైపు చల్లి, మడిచి, చేత్తో అద్ది, ఒక అయిదు నిమిషాలు వదిలేయండి. తడి లోపలిదాకా ఇంకాక అప్పుడు పెట్టె పెట్టాలి. చల్లిన వెంటనే పెట్టె పెట్టేస్తే గంజి గుడ్డలోకి కాకుండా పెట్టె అడుక్కి పోతుంది.

మొత్తం బొంత గుడ్డలన్నీ ఒకేసారి సిద్ధం చేసుకునేవాళ్ళు ముంచడమే మేలు. ముంచి, పిండకుండా చేత్తో జార్చి, పడుగు నిలువుగా ఉండేలా తీగ మీద వేయండి. క్లిప్పులు మూలలకి పెట్టకండి, మూల ముక్కులా సాగుతుంది. పూర్తిగా ఎండనివ్వకుండా ఇంకా చెమ్మగా ఉండగానే తీసి ఇస్త్రీ చేస్తే ముడత ఒక్కటి ఉండదు. ఎండిపోయిందా, నీళ్ళు చిలకరించి, చుట్టచుట్టి, కవర్లో పెట్టి గంట ఆగండి. ఇస్త్రీ బండి వాళ్ళు చేసేదే ఇది.

ఎర్రటి ఎండలో రంగు గుడ్డలు ఆరేయకండి. నీడలో గాలికి ఆరనివ్వండి.

సరిపడా బిరుసు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మిగిలిన పీలికలోంచి అంగుళం వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడుగు ముక్కని ఐమూలగా కత్తిరించండి. బల్ల అంచు మీద సగం పెట్టి, సగం గాల్లోకి వదలండి. వెంటనే వేలాడి పడిపోతే గంజి చాల్లేదు. కొంచెం వంగి అక్కడే నిలబడితే మామూలు బ్లాకులకి సరిపోతుంది. పోస్టు కార్డులా నిటారుగా ఉంటే నక్షత్రాలకి బాగుంటుంది. తర్వాత అదే పీలికని స్కేలు పక్కన పెట్టి రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా లాగండి. పొడుగు ఏ మాత్రం పెరుగుతోందో కళ్ళకే కనిపిస్తుంది. గంజి లేని పీలికతో పోల్చి చూడండి, ఇంక ఎవరూ మీకు నచ్చజెప్పనక్కర్లేదు.

నల్ల గుడ్డ మీద తెల్ల పొట్టులా రేగుతోంది.

గంజి చిక్కన ఎక్కువైంది, లేదా ఇంకకముందే పెట్టె పెట్టారు, లేదా పెట్టె వేడి ఎక్కువైంది. చిక్కటి గంజి ఒక్కసారి పెట్టే బదులు పల్చటిది రెండుసార్లు పెట్టండి. ఎప్పుడూ వెనక వైపు నుంచే ఇస్త్రీ చేయండి. ఇప్పటికే రేగిన పొట్టు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇస్త్రీ పెట్టె అడుగున గోధుమ రంగు గార కడుతోంది.

అది మాడిన పిండి. పెట్టె చల్లారాక, వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపిన ముద్దతో రుద్ది, తడిగుడ్డతో తుడిచేయండి. నాన్‌స్టిక్ అడుగైతే సోడా కూడా వద్దు, తడిగుడ్డతోనే ఓపికగా తుడవండి. స్టీలు పీచు ఏ పెట్టెకీ తగలనివ్వకండి. ఆవిరి పెట్టె ట్యాంకులో గంజి నీళ్ళు పోయడం గురించి అడిగేవాళ్ళకి జవాబు ఒక్కటే. వద్దు, రంధ్రాలు పూడుకుపోతాయి.

మంగళగిరి, పోచంపల్లి, కలంకారీ గుడ్డలతో కుట్టాలనుంది. గంజి పడుతుందా?

నిజానికి గంజి అవసరం వీటికే ఎక్కువ. చేతి మగ్గం గుడ్డ మిల్లు గుడ్డంత బిగుతుగా ఉండదు, కత్తిరించగానే అంచులు విడిపోతాయి. మగ్గం ఎక్కకముందే పడుగుకి నేతన్నలు గంజి పట్టిస్తారు కాబట్టి కొత్త నేత గుడ్డ బిరుసుగా అనిపిస్తుంది. ఆ బిరుసుని నమ్ముకుని కత్తిరించకండి. మొదటి ఉతుకులో అది పోతుంది, గుడ్డా కుంచించుకుంటుంది. ముందు ఉతికి, అప్పుడు మీ గంజి పెట్టండి.

పోచంపల్లి ఇక్కత్‌లో ఇంకో సంగతి ఉంది. పోగులకే రంగు అద్ది నేస్తారు కనుక, నేత కొంచెం వాలినా డిజైన్ మొత్తం వాలినట్టు కనిపిస్తుంది. గంజి పెట్టాక, గుడ్డ ఇంకా తడిగా ఉండగా, వాలిన వైపుకి ఎదురు మూలలు పట్టుకుని ఇద్దరు మెల్లగా లాగండి. పేక గీత అంచుకి నిటారుగా వచ్చేదాకా లాగి, పరిచి ఆరనివ్వండి. గంజి ఆ చతురస్రాన్ని అలాగే పట్టి ఉంచుతుంది.

పెడన కలంకారీకి చల్లారిన గంజే వాడండి. ముందు ఒక మూలని తడిపి తెల్లగుడ్డ మీద అదిమి, రంగు అంటుతుందేమో చూడండి. అంటితే, అంటడం ఆగేదాకా విడిగా చల్లటి నీళ్ళలో ఉతకండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందన్న మాటని నమ్ముకుని తెల్లగుడ్డ పక్కన కుట్టేయకండి. నిలవదు. పులిసిన గంజి సహజ రంగుల మీద వాడొద్దు.

ఏ గుడ్డలకి అసలు పెట్టకూడదు?

పట్టుకి వద్దు, నీటి మచ్చలు పడతాయి, మెరుపు పోతుంది. పాత పట్టుచీర ముక్కలతో బొంత కుట్టాలనుకుంటే వెనక పల్చటి ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు గుడ్డ, అతికించుకోండి. పాలిస్టర్‌కి గంజి పట్టదు, పోగు నీళ్ళు పీల్చదు కాబట్టి పైపైన ఆరి రాలిపోతుంది. టీషర్టులతో బొంతలు కుట్టేవాళ్ళు, ముఖ్యంగా పిల్లల స్కూలు టీషర్టులూ ఆఫీసు టీషర్టులూ దాచుకుని కుట్టేవాళ్ళు, గంజి జోలికి పోవద్దు. అది అల్లిక గుడ్డ, సాగడమే దాని గుణం. దానికీ ఫ్యూజింగే. బాతిక్ గుడ్డ నేత ఇప్పటికే చాలా దట్టం, పెట్టినా పెద్ద తేడా ఉండదు.

ఫ్యూజింగ్ అతికించే చోట గంజి ఉండొచ్చా?

ఉండకూడదు. జిగురు పోగుకి అంటకుండా గంజి పొరకి అంటుతుంది, తర్వాత ఊడుతుంది. ముందు అతికించండి.

అప్లిక్‌లో, అంటే గుడ్డ మీద గుడ్డ ముక్క పెట్టి కుట్టే పనిలో, పువ్వులకీ ఆకులకీ అంచులు మడవడానికి గంజి పనికొస్తుందట కదా?

గంజికి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదంటాను. పాత ఫైలు అట్టలాంటి గట్టి అట్ట మీద ఆకు ఆకారం గీసి నున్నగా కత్తిరించండి. అంచు ఎంత నున్నగా ఉంటే ఆకు అంత నున్నగా వస్తుంది. గుడ్డని తిరగేసి, అట్ట దాని మీద పెట్టి, చుట్టూ పావు అంగుళం కన్నా కొంచెం తక్కువ వదిలి కత్తిరించండి. చిన్న గిన్నెలో చిక్కటి గంజి, పిల్లల పెయింటింగ్ బ్రష్ ఒకటి. మిగులు అంచుకి మాత్రమే గంజి పూయండి, మధ్యలో పూయొద్దు. ఇప్పుడు పెట్టె మొన చివరతో ఆ తడి అంచుని అట్ట మీదికి మడుస్తూ, ఆరేదాకా అదుముతూ, అంగుళం అంగుళం చుట్టూ తిరగండి. సూదిమొన దగ్గర ముందు మొనని మడిచి, తర్వాత రెండు వైపులూ మడవాలి. లోపలికి వంపు ఉన్నచోట రెండు మూడు చిన్న గాట్లు పెట్టాలి, బయటికి వంపు ఉన్నచోట గాట్లు వద్దు, సన్న సన్న కుచ్చులు పడేలా అదమండి.

చల్లారాక అట్ట మెల్లగా లాగేస్తే అంచు కత్తిలా నిలబడి ఉంటుంది. మళ్ళీ ఒకసారి అదమండి. ఇక సూదితో కుట్టడమే, మధ్యలో మడత విప్పుకోదు. వేళ్ళు కాలకుండా ఒక పాత అల్లిక సూది అడ్డం పెట్టుకోండి.

గంజి పెట్టిన గుడ్డతో పావు అంగుళం మార్జిన్ మారుతుందా?

కొంచెం. గంజి గుడ్డ పదునుగా మడత పడుతుంది కాబట్టి కుట్టు దగ్గర మడత కింద పోయే గుడ్డ తగ్గుతుంది. మరీ మందంగా పెడితే మాత్రం ఎదురు. కాబట్టి ఒకే బ్లాకులో సగం గుడ్డలకి పెట్టి సగం వదిలేయకండి. మిషన్ పళ్ళు బిరుసు గుడ్డని ఒకలాగా, మెత్తటి గుడ్డని ఇంకోలాగా లాగుతాయి. మొదలుపెట్టే ముందు మూడు పట్టీలు కుట్టి, ఇస్త్రీ చేసి, కొలిచి చూసుకోవడం మంచి అలవాటు.

వెనక గుడ్డకి? చేత్తో కుట్టే బొంతకి?

మిషన్ మీద, గుడ్డని చేత్తో ఇటూ అటూ తిప్పుతూ తీగలూ చుక్కలూ కుట్టేవాళ్ళు వెనక గుడ్డకి తప్పకుండా పెట్టండి. బల్ల మీద జారుతూ పోతుంది, కింద ముడతలు పడి కుట్టులో ఇరుక్కోవు.

చేత్తో కుట్టే బొంతకి వద్దు. సూది దిగదు, వేళ్ళు నొప్పి పుడతాయి.

గీతలు గీసుకునే పెన్నులతో గొడవేమైనా ఉందా?

నీళ్ళకి పోయే నీలం పెన్ను గీతల మీద వేడి పెట్టె పెట్టకూడదు, గీత గుడ్డలో ఉండిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి గంజి, ఇస్త్రీ, ఆ తర్వాతే గీత. వేడికి మాయమయ్యే పెన్నుతో గీస్తే ఇస్త్రీకి పోతుంది, కానీ బాగా చలిలో మళ్ళీ కనపడొచ్చు. చలికాలంలో మంచు పడే ఊళ్ళకి బొంత పార్సిల్ పంపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. మామూలు పెన్సిల్ గీత గంజి పొర మీద చక్కగా పడుతుంది, గంజితోపాటే చాలావరకు పోతుంది.

బొద్దింకలు, సిల్వర్ ఫిష్ పడతాయంటారు. నిజమేనా?

నిజమే, పిండి వాటికి తిండి. వానాకాలంలో బూజు కూడా పడుతుంది, గంజి గుడ్డ గాల్లో తేమని పీల్చి ముక్కిపోయిన వాసన వేస్తుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇంకా ఎక్కువ. అందుకే ఈ నెలలో కుట్టబోయే గుడ్డకే గంజి పెట్టండి. బీరువాలో దాచే గుడ్డల నిల్వకి పెట్టొద్దు. సగంలో ఆగిన బొంతని ఏళ్ళ తరబడి గంజితో వదిలేయొద్దు. కలరా ఉండలు వేసి ఊరుకుంటే సరిపోదు, ఉతికి దాచాలి.

గంజిలో నీలిమందు, లవంగ నూనె, మైలుతుత్తం కలపొచ్చా?

నీలిమందు తెల్ల పంచెలకి. రంగు రంగుల బొంతలో అది ఎక్కడ మచ్చ పడుతుందో చెప్పలేం. వాసన కోసం ఒకటి రెండు చుక్కల లవంగ నూనె వేయాలనుకుంటే ముందు పీలిక మీద చూడండి, నూనె మరక పడొచ్చు. మైలుతుత్తం మాత్రం వద్దే వద్దు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు జిగురు పాడవకుండా కలిపేది, అది విషం. కాచిన గంజి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది. పుల్లటి వాసన వస్తే పారబోసి మళ్ళీ కాచుకోండి, ఖర్చెంతని!

మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ క్విల్టింగ్ క్లాసులో అందరూ స్ప్రే డబ్బాలే వాడుతున్నారు. అవీ ఇదీ ఒకటేనా?

ఫాల్ట్‌లెస్, నయాగరా లాంటి డబ్బాల్లో ఉండేది కూడా పిండి గంజే, దానికి పెట్టె జారడానికి సిలికాన్‌లాంటివి, చిమ్మడానికి గ్యాసూ కలుస్తాయి. ఆ గ్యాసు మంట అంటుకునేది, కిటికీ తీసి వాడండి, పొయ్యి దగ్గర వద్దు. మేరీ ఎలెన్స్ బెస్ట్ ప్రెస్ లాంటివి గంజికి బదులుగా అమ్మేవి, పొట్టు రాలదు, బిరుసు కూడా అంత రాదు. సైజింగ్ అని రాసి ఉన్నదానితో బిరుసు ఇంకా తక్కువ.

అక్కడి క్విల్టర్లు కొందరు గంజిలో వోడ్కా కలుపుతారు. నవ్వులాట కాదు. ఆల్కహాల్ వల్ల నీళ్ళు గుడ్డలోకి తొందరగా ఇంకుతాయి, గంజి తొందరగా పులవదు. తడి పూర్తిగా ఇంకి ఆరేదాకా వేడి పెట్టె పెట్టకపోవడం మంచిది.

బొంత పూర్తయింది. గంజి మొత్తం పోయిందని ఎలా తెలుసుకోవాలి?

గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, మామూలుగా ఉతికి, రెండుసార్లు జాడించండి. డిటర్జెంట్ ప్యాకెట్ మీద ఎంజైములు ఉన్నాయని రాసి ఉంటే ఇంకా మంచిది, వాటిలో చాలావరకు అమైలేజ్ ఉంటుంది, పిండిని ముక్కలు చేసే పని దానిదే. బట్టల మిల్లుల్లో కూడా నేత గంజిని దీనితోనే పోగొడతారు.

అనుమానం ఉంటే, చివరిసారి జాడించిన నీళ్ళు గాజు గ్లాసులో కొంచెం తీసుకుని రెండు చుక్కల బెటాడిన్ (గాయాలకి రాసే అయోడిన్ మందు) వేయండి. నీళ్ళు లేత పసుపు గోధుమ రంగులోనే ఉంటే గంజి పోయినట్టే. నీలంగానో, ఊదాగానో, నల్లగానో తిరిగితే ఇంకా ఉంది, మళ్ళీ జాడించండి. బెటాడిన్ బొంత మీద మాత్రం వేయకండి. పాలిమర్ ద్రవాలు వాడి ఉంటే ఈ పరీక్ష పనిచేయదు.

పసిపిల్లల బొంతకి?

గంజితో కుట్టొచ్చు. ఇచ్చే ముందు రెండుసార్లు ఉతికి, బెటాడిన్ పరీక్ష చేసి ఇవ్వండి. సెంటు కలిపిన స్ప్రేలు ఆ బొంతకి వాడకపోతే మంచిది.

ఇదంతా ఇస్త్రీ బండి అతనికి ఇచ్చి చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, మొత్తం గుడ్డలు ఇచ్చినంతవరకు. నీలం కలపొద్దని, మధ్య మడత గీత పడకుండా చుట్టి ఇవ్వమని, పెట్టెని పడుగు వైపే నడపమని ముందే చెప్పండి. కత్తిరించిన ముక్కలు మాత్రం ఇవ్వకండి. బొగ్గు పెట్టె బరువుకి త్రిభుజాలు నాలుగు వైపులా సాగిపోయి తిరిగొస్తాయి.